చెల్లె నాటిన గుల్మెందీ

మొన్న మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ జరిగింది. నల్లగండ్లలో మేముండే బ్లాకు ముందు, సెల్లారుకు దిగే దారి పక్కన, వానాకాలం మొదట్లో తోటమాలి చేత బాల్సం మొక్కలు వేయించారు. ఒంటిగంట ఎండలో ఎవరో వాటి ఫోటో తీసి పెట్టారు. ఆకులు వేలాడిపోయి, కొమ్మలు పక్కకు వాలిపోయి ఉన్నాయి. మొక్కలన్నీ చచ్చిపోయాయని ఒకరు, తోటమాలిని మార్చాలని ఒకరు, అసలు ఈ మొక్కలు ఎవరు ఎంపిక చేశారని ఇంకొకరు. నేను ఆఫీసు మీటింగులో కూర్చుని బల్ల కింద ఫోను పెట్టుకుని రాశాను: "అవి చావలేదండీ, అలిగాయి. సాయంత్రం ఆరు దాటాక చూడండి."

సాయంత్రానికి నిజంగానే లేచి నిలబడ్డాయి. మీకెలా తెలుసని అందరూ అడిగారు. మా పాత ఇంటి ఓనరు చెప్పేదని రాయబోయి ఆగిపోయాను. ఆవిడ చెప్పిన మాట అని దేన్నైనా ధీమాగా అనడానికి నాకిప్పటికీ నోరు రాదు. "ఎక్కడో విన్నానండీ" అని రాసి ఊరుకున్నాను.

నల్లగండ్లకు రాకముందు మూడేళ్ళు నేను చందానగర్ మార్కెట్ వెనక సందులో ఉన్నాను. కింద ఆవిడ, మీద నేను. పెళ్ళి కాని ముప్పై ఆరేళ్ళ మనిషిని, ఒక్కదాన్నే ఉంటానంటే ఇల్లిచ్చేవాళ్ళు తక్కువ. ఏం అడిగితే ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఆవిడ గేటు దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, నా మొహం కూడా సరిగా చూడకుండా అడిగింది.

"వంట చేసుకుంటవా, బయటికెల్లి తెప్పించుకుంటవా?"

"చేసుకుంటానండీ."

"మరి బియ్యం కడిగిన నీళ్ళు మోరిల పొయ్యొద్దు. నాకియ్యాలె."

అంతే. ఇంకేమీ అడగలేదు. నేను అనుకున్న జవాబులన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

ఆవిడకు మనుషుల పేర్లు పట్టేవి కావు, లేదా పట్టనట్టు ఉండేది. నేను "మీదామె". ఎదురింటి ఇస్త్రీ అతను "ఇస్త్రాయన". రోజూ పొద్దున ఏడింటికి కింద నుంచి కేక వచ్చేది. "ఓ మీదామే! నీళ్ళు!" నేను గిన్నె పట్టుకుని మెట్లు దిగేదాన్ని. "ఇదిగోండి పెద్దమ్మగారూ" అంటే, "గారు గీరు ఎందుకే, నేనేమన్న కలెక్టరునా" అనేది. మర్నాడు ఒట్టి పెద్దమ్మా అని పిలిస్తే పలికేది కాదు.

గేటు నుంచి మెట్ల దాకా బారెడు వెడల్పున మట్టి ఉండేది. సందులో మిగిలిన ఇళ్ళవాళ్ళందరూ అలాంటి జాగాలో బండలు పరిచి బండ్లు పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం గుల్మెందీ వేసుకుంది. నర్సరీలో బాల్సం అని రాసి అమ్మే మొక్కే అది. తొలకరి పడ్డ వారంలో గింజలను బూడిదలో కలిపి చల్లేది. నాలుగాకులు రాగానే, పొద్దు వాలాక, వేలితో మట్టి కుళ్ళగించి ఒక్కోటి జానెడు ఎడంగా నాటేది. నాటిన మర్నాడు ఎండ కాస్తే నల్ల గొడుగు తెరిచి, కాడకు ఇటుక ఆనించి, మొక్కల మీద పెట్టేది. ఓ రోజు చినుకులు పడుతుంటే బజారు నుంచి తడుస్తూ వచ్చింది. గొడుగు మొక్కల మీదే ఉంది. వానలో మొక్కలకు గొడుగెందుకండీ అంటే, "పెద్ద చుక్కలు. మెడలిరుగుతయి" అని, తను తడి తల తుడుచుకుంది.

ఆ పువ్వు కొమ్మ చివర పూయదు. కాడ పొడవునా, ఆకు మొదట్లో, ఆకుల కింద దాక్కుని పూస్తుంది. గబగబా నడిచి వెళ్ళేవాళ్ళకు కనపడదు. మొదటి ఏడాది నేను రోజూ అటే వెళ్తూ, ఆ మొక్కలు ఇంకా పూయలేదనుకున్నాను. ఆవిడ నన్ను ఆపి, చూపుడువేలి వెనకతో ఒక ఆకును పైకెత్తింది. కింద గులాబీ రంగు పువ్వులు నాలుగు.

"గుల్మెందీ సిగ్గుల పువ్వు బిడ్డా. నెత్తి మీద పూయది, సంకల పూస్తది. వంగి చూడాలె."

నాకు హైటెక్ సిటీ రైలు తప్పిపోతోంది. అయినా వంగి చూశాను.

ఆవిడ చెప్పేవాటిలో ఒకదానికొకటి పొంతన ఉండేది కాదు. నీళ్ళు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద పోస్తే బూజు పడుతుందని నాకు గట్టిగా చెప్పింది. రెండు రోజులకు తనే చెంబెత్తి మొక్కలకు నిలువునా స్నానం చేయిస్తోంది. అదేమిటండీ అంటే, "నిన్నటిది నిన్నటి మాట" అంది. తెల్లపూలవని ఇచ్చిన గింజలు నా కుండీలో ఊదారంగు పూశాయి. అడిగితే కళ్ళు చికిలించి చూసి, "తెలుపే గద" అంది. పరాచికమో, కళ్ళు మసకబారాయో, నిజంగా అలాగే అనుకుందో నాకు తెలియలేదు. నా ఉద్యోగం తప్పులు పట్టడం. రోజంతా సాఫ్ట్‌వేరులో ఒక స్క్రీను చెప్పేదీ ఇంకో స్క్రీను చెప్పేదీ ఒకటేనా అని చూసి, కానివి రాసిపెడతాను. ఆవిడ దగ్గర ఆ విద్య పనికిరాలేదు.

కాయల దగ్గర మాత్రం ఆవిడ ఎప్పుడూ మాట మార్చలేదు. పండిన కాయ ముట్టుకుంటే చిట్లి గింజలన్నీ ఎగిరిపోతాయి. ఎవరు చెయ్యి చాచినా "ఏయ్, ముట్టుకోకు!" అని అరిచేది. తను మాత్రం కాయను పిడికిట్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా నొక్కేది. లోపల టప్‌మని పేలినప్పుడు ఆవిడ మొహం చూడాలి. పిడికిలి విప్పితే చుట్టలు చుట్టుకున్న తొక్క, గోధుమరంగు గింజలు. ఆ గింజల్ని చీర కొంగున ముడి వేసుకునేది.

రెండో ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. మెట్లు దిగి చూస్తే మొక్కలన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. నేను కంగారుపడి బకెట్టు తెచ్చాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని ఉంది.

"బకీటు కింద పెట్టు. అది సచ్చిపోలే, అలిగింది. పొద్దుగూకంగనే లేస్తది. ఇప్పుడు నీళ్ళు పోస్తే మట్టిల ఏరు ఉడుకుతది."

బకెట్టు పెట్టి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ తనంతట తనే చెప్పింది. "ఇవి మా చెల్లె నాటిన చెట్లు."

"మీ చెల్లెలా? ఎక్కడుంటారు?"

"లేదు. పోయింది." ఆకు ఒకటి ఎత్తి చూసి వదిలేసింది. "దానితోని పన్నెండేండ్లు మాట్లాడలే నేను. ఎదురొస్తె మొకం తిప్పుకున్న. ఒకనాడు కబురొచ్చింది, పోయిందని. నేను పోయేసరికి ఎత్తిండ్రు. ఇంట్ల మంది. దాని వాకిట్ల డబ్బాల ఈ చెట్లు పూసినయి. మందిల ఏడ్వలే. ఆ డబ్బా ముంగట కూసోని ఏడ్చిన. కాయలు తెంపుకొని వచ్చిన."

"ఎందుకు మాట్లాడలేదండీ అన్నేళ్ళు?"

ఆవిడ నుదురు ముడిచింది.

"యాదికొస్తలేదు బిడ్డా. పెద్దదే కావచ్చు. యాదికొస్తలేదు."

అప్పటికి నాలుగేళ్ళుగా నేను మా అక్కతో మాట్లాడటం లేదు. ఈ సంగతి ఆవిడకు నేనెప్పుడూ చెప్పలేదు. మా అమ్మ కాకినాడలో అక్క దగ్గర మంచానపడి ఉంది. అక్క రమ్మని ఫోను చేసింది. ఆఫీసులో కొత్త వెర్షను బయటికి వెళ్ళే వారం. రెండు రోజుల్లో వస్తానన్నాను. ఆ రెండో రోజు అమ్మ పోయింది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, చుట్టాలందరి ముందు, అక్క అడిగింది: "లాప్‌టాప్ తెచ్చుకున్నావా?" తెచ్చుకున్నాను. అది నా భుజానే ఉంది. పదకొండో రోజు తిరిగి వచ్చాక మళ్ళీ ఫోను చేయలేదు. తనూ చేయలేదు.

ఆ ఆదివారం సాయంత్రం మొక్కలు ఒక్కొక్కటే లేస్తుంటే పై మెట్టు మీద కూర్చుని అక్కకు ఫోను చేశాను.

"ఎవరండీ?" అంది. నా నంబరు తీసేసినట్టుంది.

"నేనే అక్కా."

"ఉండు, పొయ్యి మీద పాలున్నాయి" అని ఫోను ఎక్కడో పెట్టింది. నాకు తన వంటిల్లంతా వినపడింది. గిన్నె దించడం, పంపు తిప్పడం, ముక్కు చీదడం. చాలాసేపటికి వచ్చి, "ఊఁ, చెప్పు" అంది.

ఆ దసరా సెలవులకు అక్క నా దగ్గరికి వచ్చింది. గేటు తీయగానే ఆగిపోయి, "ఇవి కాశీతుమ్మలు కదే, అమ్మ బావి గట్టున వేసేది" అంది. అమ్మ వేసినట్టు నాకు గుర్తే లేదు. అక్క ఒట్టేసి చెప్పింది. ఆవిడ బయటికి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మా అక్కండీ. అక్కా, పెద్దమ్మగారికి కూడా ఒక చెల్లెలుండేదిట."

"ఎవరికి?" అంది ఆవిడ. తర్వాత, "ఆఁ. ఉండె" అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి అరచేతిలో గింజలు తెచ్చి అక్క కొంగులో పోసింది. ఊరికి తీసుకెళ్ళి ఎలా వేయాలో చెప్పింది. నాకు చెప్పినదానికి పూర్తిగా తలకిందులుగా చెప్పింది.

ఆ తర్వాత ఏడాది, చలికాలం, మొక్కలన్నీ ఎండిపోయాక, ఆవిడకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు దవాఖానలో ఉండి చనిపోయింది. పిల్లలు లేరు. భర్త ఎప్పుడో పోయాడు. లింగంపల్లిలో ఉండే తమ్ముడు వచ్చి అన్నీ జరిపించాడు. పదకొండో రోజు సందులో షామియానా వేశారు. భోజనాలయ్యాక ఆ తమ్ముడు ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉంటే, పలకరిద్దామని వెళ్ళాను.

"పెద్దమ్మగారు చెల్లెల్ని బాగా తలుచుకునేవారండీ. పాపం ఆవిడా లేరు కదా."

"చెల్లెనా? ఎవరి చెల్లె?"

"వాళ్ళ చెల్లెలండీ. పన్నెండేళ్ళు మాట్లాడుకోలేదని..."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మేం ముగ్గురం మొగపిల్లలం అమ్మా. అక్క ఒక్కతే ఆడబిడ్డ. చెల్లె గిల్లె ఎవ్వరు లేరు. నువ్వు ఇంకెవరి ముచ్చటో విని ఉంటవు."

నేను మీదికి వచ్చి తలుపేసుకున్నాను. కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం ఏమిటని సిగ్గు వేసింది. అక్కతో మాట్లాడమని పోరే మా పిన్నితో ఎప్పుడో నేను మెట్ల మీద నిలబడి ఫోనులో గొడవపడ్డప్పుడు నా అక్క సంగతి విని, నాకోసం ఆ కథ కల్పించిందా? లేక ఎండ మధ్యాహ్నం పూట నోటికొచ్చింది చెప్పిందా? ఎవరి మీద జాలిపడి నేను నా పంతం వదులుకున్నాను? అక్కకు ఫోను చేసి అంతా చెప్పాను.

అక్క విని, "అయితే ఇప్పుడేం చేద్దామంటావే? మళ్ళీ మానేద్దామా మాట్లాడుకోవడం?" అంది.

నవ్వొచ్చింది గానీ నా గజిబిజి తీరలేదు.

ఇంకో వారానికి ఒక శనివారం పొద్దున, గేటు కొట్టిన చప్పుడైతే కిందికి దిగాను. అరవై దాటిన మనిషి. పొట్టిగా ఉంది. చేతిలో గుడ్డసంచి. కింది వాటాకు వేసిన తాళం వైపు చూస్తోంది.

"అక్క ఉన్న ఇల్లు ఇదేనా అమ్మా?"

"అవునండీ. మీరు ఆలస్యంగా వచ్చారు, పెద్దమ్మగారు..."

"తెలుసు. దినాలప్పుడు వస్తె వాళ్ళ తమ్ముండ్లు ఏమన్న అంటరని రాలే. నువ్వెవరు?"

"మీద కిరాయికుంటానండీ. మీరు?"

"ఆమెకు చెల్లెనైత."

నేను ఆలోచించకుండా అనేశాను. "మీరు చనిపోయారని చెప్పారే!"

"నేనా?" ఆమె తన ఒంటి వైపు తనే చూసుకుంది. "నేనేడ పోయిన? బాలానగర్‌లనే ఉన్న."

పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నా మొహం చూసి, నాకు అర్థం కాలేదని గ్రహించి, నిదానంగా చెప్పింది. ఆవిడ భర్త బాలానగర్‌లో ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడే ఈమెను రెండో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్యకు రెండోది చెల్లె అవుతుంది. పిలుపు వరకు అంతే.

"అక్క అని పిలిచిన. ఒక్కసారి గుడ పలకలే. పెండ్లయినకాడి నుంచి ఆయన పోయేదాంక పన్నెండేండ్లు. ఆయన పోయినంక గుడ పలకలే."

నేను దేన్ని దేనితో పోల్చుకున్నాను! ఒక అక్క ఒక చెల్లెలి మీద అలిగిందనుకున్నాను. ఎందుకు మాట్లాడలేదో యాదికొస్తలేదని ఆవిడ నుదురు ముడిచినప్పుడు, ఎంత చిన్న కారణమో అనుకున్నాను.

"మరి ఆ మొక్కలు మీరే నాటారుటగా. మీ వాకిట్లో డబ్బాలో."

"ఏ మొక్కలు?"

"గుల్మెందీ."

"నాకేడివి? రేకుల ఇల్లు, రోడ్డు మీదికే గడప. డబ్బా పెట్టే జాగ గుడ లేదు." ఆమె ఆలోచించింది. "ఆయనకు ఇష్టముండె ఆ పూలు. ఈ ఇంటికెల్లి వచ్చినప్పుడు అంగీ జేబుల పెట్టుకొని వస్తుండె. అక్క ఏసిందని చెప్తుండె. నాకియ్యకపోతుండె, జేబుల్నే వాడిపోతుండె."

అంటే ఆ మొక్కలు మొదటి నుంచీ ఆవిడవే. చెల్లెలు పోలేదు. ఆవిడ బాలానగర్ వెళ్ళలేదు. వెళ్ళేసరికి ఎత్తడమూ లేదు. మరి ఆ మధ్యాహ్నం మెట్టు మీద నాకు చెప్పిందంతా ఏమిటి? ఈమె చావాలని కోరుకుందా? చచ్చిపోతే అలా వెళ్ళి ఏడవాలనుకుందా? ఆ రెండూ ఒకే మనసులో ఎలా ఉంటాయో నాకు తెలియలేదు.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నేను సచ్చిపోయిననే చెప్పిందా, నిజంగ?"

అబద్ధమాడటానికి ఆలస్యమైపోయింది. తల ఊపాను. ఆమె కోపగించుకుంటుందనుకున్నాను. కోపగించుకోలేదు. కొంచెం ముందుకు జరిగింది.

"సచ్చిపోయినంక ఏం జేసిందట?"

"మీ ఇంటికి వచ్చారట. అప్పటికే ఎత్తేశారట. ఇంట్లో అందరూ ఉంటే ఏడవలేదట. వాకిట్లో కూర్చుని ఏడ్చారట."

"ఏడ్చిందా? నా కోసమా?"

"అవునండీ."

ఆమె కిటికీ వైపు చూసింది. సందులోంచి కూరగాయల బండి అరుచుకుంటూ వెళ్ళింది. అది దూరం వెళ్ళేదాకా ఆగి, నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకోసారి చెప్పు బిడ్డా."

మళ్ళీ చెప్పాను. ఈసారి నిదానంగా చెప్పాను. కబురు వినగానే చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరిందని చెప్పాను. చందానగర్ బస్టాపులో చాలాసేపు నిలబడిందని చెప్పాను. వాకిట్లో పొద్దు వాలేదాకా కూర్చుందని, ఎవరు లేపినా లేవలేదని చెప్పాను. ఇవన్నీ నా నోట్లోకి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకుండానే చెప్పుకుపోయాను. ఆమె ఊఁ కొడుతూ వింది. ఒక్కటీ కాదనలేదు. తను బతికే ఉన్న సంగతి మరిచిపోయినట్టు, అప్పుడప్పుడూ పమిటతో కళ్ళు ఒత్తుకుంది.

"పేరు పెట్టి ఏడ్చిందా?" అని అడిగింది చివరికి.

"పేరు పెట్టే ఏడ్చారండీ" అన్నాను.

ఆమె పేరేమిటో నేను ఇంకా అడగనే లేదు.